ఇరుకు సెల్‌లో తేదీ: ఎక్సెల్, కాల్క్‌లలో ఏ పద్ధతిని నమ్మవచ్చు?

నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల లెక్కలను ఎక్సెల్‌లోనో, లిబ్రేఆఫీస్ కాల్క్‌లోనో రాసుకునేవారిని దృష్టిలో పెట్టుకొని ఈ వీడియో చేస్తున్నాను. గుంట నంబరు, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన తేదీ, రోజుల వయసు, మేత, నీటి పీహెచ్, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మిగిలిన మేత, ఇవన్నీ ఒకే ఏ4 కాగితంపై పట్టాలంటే కాలమ్‌లను ఇరుకు చేయక తప్పదు. ఇరుకు చేసిన వెంటనే తేదీ మాయమై ఆ చోట వరుసగా హ్యాష్ (#) గుర్తులు వస్తాయి. దీనికి ఈ రెండు సాఫ్ట్‌వేర్‌లలో ఉన్న మార్గాలను ఒకే రిజిస్టరుపై పరిశీలించాను. వాటిలో ఏది నమ్మదగినదో, ఏది తరువాత లెక్కలను చెడగొడుతుందో చూద్దాం.

ముందుగా స్క్రీన్ మీద ఈ సెల్‌ను గమనించండి. ఇందులో 10-02-2025 అని ఉంది. దీని ఫార్మాట్‌ను జనరల్‌కు మారిస్తే 45698 కనిపిస్తుంది. ఎక్సెల్ లెక్కలో 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకొని అక్కడి నుంచి రోజులను లెక్కించుకుంటూ వచ్చిన సంఖ్య ఇది. అంటే కంప్యూటర్ దాచుకున్నది సంఖ్యను, మనకు చూపుతున్నది దాని తేదీ రూపాన్ని. పొడవైన పేరు రాస్తే, పక్క సెల్ ఖాళీగా ఉన్నప్పుడు అది అందులోకి పొంగుతుంది. సంఖ్య అలా పొంగదు, ఎందుకంటే చివరి అంకెలు తెగిపోయి కనిపించే సంఖ్య చదివేవారిని మోసం చేస్తుంది. సగం చూపడం కంటే అసలు చూపకపోవడమే మేలు కాబట్టి హ్యాష్‌లు వస్తాయి. లోపల తేదీ భద్రంగానే ఉంటుంది.

కాలమ్ శీర్షికల మధ్య ఉన్న గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే తేదీకి సరిపడా వెడల్పు వస్తుంది. చోటు ఉన్నవారికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. చోటు లేనివారి సంగతే మనకు కావలసింది.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి మార్గం కస్టమ్ ఫార్మాట్, అంటే తేదీ కనిపించే రూపాన్ని మనమే రాసి ఇవ్వడం. సెల్‌ను ఎంచుకొని కంట్రోల్, ఒకటి కలిపి నొక్కితే రెండు సాఫ్ట్‌వేర్‌లలోనూ ఫార్మాట్ సెల్స్ పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ డీడీ హైఫన్ ఎంఎం హైఫన్ వైవై (DD-MM-YY) అని ఇస్తే పది అక్షరాల తేదీ ఎనిమిదికి తగ్గుతుంది. ఒకే పంటకు సంబంధించిన కాగితమై, సంవత్సరం పైన శీర్షికలో రాసి ఉంటే, డీడీ హైఫన్ ఎంఎం చాలు. అయిదు అక్షరాలతో సరిపోతుంది. 05-04 అంటే ఏప్రిల్ అయిదా, మే నాలుగా అని చదివేవారు తడబడతారనుకుంటే ఎంఎం బదులు మూడు ఎంలు ఇవ్వండి, నెల పేరులోని మొదటి మూడు ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి.

ఈ మార్గం విలువ నెలవారీ మేత పట్టికలో పూర్తిగా తెలుస్తుంది. పై వరుసలోని మొదటి సెల్‌లో 01-05-2025 అని పూర్తి తేదీ ఇచ్చాను. పక్క సెల్‌లో దానికి ఒకటి కలిపే ఫార్ములా పెట్టి, దాన్ని నెలాఖరు దాకా లాగాను. ఆ వరుస మొత్తానికి ఒక్క డి అనే ఫార్మాట్ ఇస్తే, వేలెడు వెడల్పు కూడా లేని కాలమ్‌లలో 1 నుంచి 31 వరకు అంకెలు మాత్రమే కనిపిస్తాయి, కానీ ప్రతి అంకె వెనుక పూర్తి తేదీ ఉంటుంది. వచ్చే నెలకు మొదటి సెల్ ఒక్కటి మారిస్తే చాలు. రొయ్య పొర విడిచే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మేత తగ్గించేవారు కింద ఒక వరుస పెట్టుకొని ఆ రోజులకు రంగు వేసుకుంటే పట్టిక ఇంకా ఉపయోగపడుతుంది.

ష్రింక్ టు ఫిట్ అనే సదుపాయం రెండింటిలోనూ ఉంది. అక్షరాన్ని సెల్‌లో పట్టేంతవరకు చిన్నది చేస్తుంది. కానీ ఒక్కో సెల్‌లో ఒక్కో సైజు వస్తుంది, గుంట గట్టు మీద నిలబడి ఆ కాగితాన్ని చదవవలసిన మనిషికి అది కష్టం. దీన్ని నేను సిఫారసు చేయను. తేదీని 90 డిగ్రీలు నిలువుగా తిప్పడం శీర్షిక వరుసకు బాగుంటుంది, లోపలి వరుసలకు పనికిరాదు.

ఇప్పుడు జాగ్రత్త పడవలసిన విషయం. టెక్స్ట్ అనే ఫంక్షన్‌తో తేదీని పొట్టి అక్షరాలుగా మార్చుకోమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. హ్యాష్‌లు పోతాయి, నిజమే. దాంతోపాటు తేదీ కూడా పోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. క్రమంలో పెట్టమంటే 02-11-25 అనే నవంబరు తేదీ 15-03-25 అనే మార్చి తేదీ కంటే ముందుకు వస్తుంది. అన్నిటికంటే చివరి పట్టుబడి (రొయ్యలు పట్టిన) తేదీ ఏదో మ్యాక్స్ ఫంక్షన్‌ను అడిగితే, అక్షరాలుగా ఉన్న ఆ కాలమ్‌ను అది లెక్కలోకే తీసుకోదు. ఫిబ్రవరి 10న సీడ్ వదిలిన గుంటకు మే 20 నాటికి 99 రోజులు అని చెప్పగలిగేది 45797లోంచి 45698 తీసివేయగలిగినందువల్లే. ఆ సంఖ్యను పోగొట్టుకునే ఏ చిట్కానూ నేను ఒప్పుకోను.

ఎంత వెడల్పు చేసినా పోని హ్యాష్‌లు కొన్ని ఉంటాయి. పట్టుబడి తేదీలోంచి సీడ్ తేదీ తీసివేయడానికి బదులు తిరగేసి తీసివేసి, ఫలితం వచ్చే సెల్‌కు తేదీ ఫార్మాట్ ఉంటే, ఎక్సెల్ రుణ సంఖ్యను తేదీగా చూపలేక సెల్ నిండా హ్యాష్‌లు నింపుతుంది. కాల్క్ అదే చోట, పైన చెప్పిన 99 రోజుల ఉదాహరణకు, 1899 సెప్టెంబరు 22 అని చూపుతుంది. ఫార్మాట్ డీడీ హైఫన్ ఎంఎం అయితే 22-09 అని మామూలు తేదీలాగే కనిపించి తప్పు కంటపడదు. ఈ ఒక్క విషయంలో ఎక్సెల్ హ్యాష్‌లే మేలనిపించింది. రోజుల లెక్క వచ్చే సెల్‌కు ఎప్పుడూ నంబర్ ఫార్మాటే ఇవ్వండి.

ప్రింట్ సంగతి కూడా చెప్పాలి. స్క్రీన్ మీద అంచుకు అంచు సరిపోయిన తేదీ కాగితం మీద హ్యాష్‌లుగా రావచ్చు, ఎందుకంటే ప్రింటరు అక్షరాలను కొలిచే తీరు కొంచెం తేడాగా ఉంటుంది. కాలమ్‌కు ఒక అక్షరమంత ఎక్కువ వెడల్పు వదిలి, ప్రింట్ ప్రివ్యూ చూసిన తరువాతే కాగితం తీయండి.

ఇదే ఫైలును ఎవరికైనా కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా, అంటే సీఎస్‌వీగా పంపవలసి వస్తే, ఎక్సెల్ అందులోకి సెల్‌లో కనిపించే రూపాన్నే రాస్తుందని గుర్తుంచుకోండి. డీడీ హైఫన్ ఎంఎం ఫార్మాట్‌లో ఉంటే సంవత్సరం ఆ ఫైలులోకి వెళ్లదు. అందువల్ల సేవ్ చేసే ముందు ఆ కాలమ్‌కు నాలుగు అంకెల సంవత్సరం ఉన్న ఫార్మాట్ ఇచ్చి, పంపిన తరువాత మళ్లీ పొట్టి ఫార్మాట్‌కు మార్చుకోండి.