పంచాంగం చూసి ప్లాన్ చేద్దాం: జనవరి నుంచి ఉగాది దాకా ఏమేం చూడొచ్చు

నమస్కారం అండి. డిసెంబర్ అయిపోవచ్చింది. ఈ నెల మా టీమ్ ఎక్కడికి వెళ్ళొచ్చింది, కొత్త సంవత్సరంలో ఉగాది లోపు మీరు ఏం చూస్తే బాగుంటుంది, ఇవాళ్టి వీడియోలో ఈ రెండే మాట్లాడుకుందాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. మా ఛానెల్లో పనిచేసేవాళ్ళం నెలకోసారి అందరం కలిసి నాటకమో, కచేరీయో, మ్యూజియమో చూడటానికి వెళ్తాం. ఎక్కడికన్నది ఆ నెల వంతు ఎవరిదో వాళ్ళ ఇష్టం. మిగతావాళ్ళు కాదనడానికి లేదు. ఖర్చు తలా కొంత వేసుకుంటాం. మధ్యలో లేచి రాకూడదు. ఈ వంతుల పద్ధతి పెట్టకముందు, అందరికీ నచ్చేది ఏదా అని వాట్సాప్‌లో చర్చించీ చర్చించీ ఆఖరికి సినిమాకి పోయేవాళ్ళం.

పోయిన నెల మా ఎడిటర్ వంతు. నాట్య ప్రదర్శనకి తీసుకెళ్ళింది. హాలు పేరు, సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్కళ్ళ జబ్బు కాదు. ఆహ్వానంలో ఆరు గంటలు అని ఉంది. దీపం వెలిగించేసరికి ఆరున్నర దాటింది. తరవాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో. నాట్యం చేయాల్సిన పిల్ల పూర్తి ఆహార్యంతో, గజ్జెలు కట్టుకుని, పక్క తెర దగ్గర నిలబడే ఉంది. చివరికి టైము లేదని ఒక అంశం కోసేశారు. కోస్తే కోశారు, ఉపన్యాసంలోంచి కోయొచ్చుగా! అప్పట్నుంచి మేం ఎక్కడికైనా ఫోన్ చేస్తే "ప్రోగ్రామ్ ఎన్నింటికి" అని అడగటం లేదు, "డాన్స్ ఎన్నింటికి మొదలవుతుంది" అని అడుగుతున్నాం. మీరూ అలాగే అడగండి. కొంచెం సేపు నిశ్శబ్దం వస్తుంది, తరవాత నిజం చెప్తారు.

సరే, ఈ నెల సంగతి. ఈసారి వంతు మా కెమెరా తమ్ముడిది. చేర్యాల అన్నాడు. సిద్దిపేట జిల్లా. హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే పగలంతా అక్కడ గడిపి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

చేర్యాల అనగానే మీకు గుర్తొచ్చేది ఏమిటి? ఎర్రటి నేపథ్యం ఉన్న చిన్న పటం, కొబ్బరి చిప్ప మీద చేసిన ముఖాలు, కీచైన్లు. శిల్పారామంలో చూసే ఉంటారు. మేమూ వాటి కోసమే వెళ్తున్నాం అనుకున్నాం. కానీ అక్కడ బొమ్మలు వేసే నకాషీల ఇంట్లో కాసేపు కూర్చున్నాక మాటలు బొమ్మల మీంచి కథల మీదకి పోయాయి.

ఎందుకంటే ఆ పటం హాల్లో సోఫా పైన తగిలించడానికి పుట్టింది కాదు, కథ చెప్పేవాళ్ళ కోసం పుట్టింది. వెడల్పు మూడడుగులు ఉంటే పొడవు నలభై, యాభై అడుగులు కూడా ఉండేది. దాన్ని చుట్టగా చుట్టి ఊరూరా మోసుకెళ్ళేవాళ్ళు. వేలాడదీసి, ఒక్కో వరస విప్పుతూ, బొమ్మని చూపిస్తూ, పాడుతూ కథ నడిపించేవాళ్ళు. కథ రాత్రుళ్ళ తరబడి సాగేది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది ఎవరి కథ ఎవరు చెప్తారన్నది. తెలంగాణలో ఒక్కో కులానికి తమ పుట్టుక చెప్పే పురాణం ఉంది. దాన్ని చెప్పే హక్కు మళ్ళీ వేరే కుటుంబాలది. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వాళ్ళు. మాదిగలకి జాంబ పురాణం చెప్పేది డక్కలి వాళ్ళు. ముదిరాజులకి కాకిపడగల వాళ్ళు పాండవుల కథ చెప్తారు. గొల్లలకి చెప్పే మందెచ్చుల వాళ్ళయితే పటానికి బదులు చెక్క బొమ్మలు పెట్టుకుని కథ నడుపుతారు. ఏ ఊళ్ళు ఏ కుటుంబానివన్నది కూడా తరతరాలుగా పంచుకున్నదే. పటం పాతబడి చిరిగిపోతే పారెయ్యరు. పూజ చేసి నదిలో కలిపి, నకాషీల దగ్గర కొత్తది రాయించుకుంటారు.

రాయించే పద్ధతి కూడా చెప్తాను. ఖద్దరు గుడ్డ తీసుకుంటారు. సుద్దమట్టి, చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించిన గంజి, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక గుడ్డ అట్టలా బిగుస్తుంది. దాని మీద పెన్సిల్ గీతలేవీ లేకుండా కుంచెతోనే బొమ్మ మొదలుపెడతారు. తప్పు పోతే ఏం చేస్తారని మా తమ్ముడు అడిగాడు. ఆ పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. నేపథ్యానికి ఎరుపు. దేవుళ్ళకి నీలం, దేవతలకి పసుపు, రాక్షసులకి ముదురు రంగు. కాబట్టి వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. అడ్డ వరసలుగా గళ్ళు, ఒక్కో గడిలో ఒక ఘట్టం. మా తమ్ముడు అది చూసి "అన్నా, ఇది స్టోరీబోర్డే కదా" అన్నాడు. నిజమే. కాకపోతే షూటింగ్ అయ్యాక పక్కన పడేసేది కాదు, జనం ముందు పెట్టేదే అది.

మరి పటం కథ ఇప్పుడు ఎక్కడ వినొచ్చు అని అడిగాం. మేం ఆశించినట్టు ఫలానా శనివారం, ఫలానా హాలు అన్న జవాబు రాలేదు. పంట చేతికొచ్చాక, ఆ కులం వాళ్ళు పిలిస్తే, వాళ్ళ వాడలో చెప్తారు. అంతే. టికెట్ యాప్ తెరిచి వీకెండ్‌కి ఏముందా అని వెతికితే ఇలాంటివి ఎప్పటికీ కనిపించవు. మన దగ్గర సగం కళలు తిథుల లెక్కన, పంటల లెక్కన, ఏ ఆదివారం ఏ ఊరి వాళ్ళదన్న లెక్కన నడుస్తున్నాయి. అందుకే ఈసారి మీకిచ్చే సలహాలు పంచాంగం ముందు పెట్టుకుని రాశాను. నా తరంలో చాలామందికి పంచాంగం పెళ్ళి ముహూర్తానికి తప్ప చేతికి రాదు. ఈ మూడు నెలలూ కొంచెం తిప్పండి.

హైదరాబాద్ నాంపల్లిలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, దాని గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. జనవరి 1న మొదలై మామూలుగా ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. నుమాయిష్‌లో కాశ్మీరీ షాపుల ముందు నిలబడి, పనివాళ్ళు ఎవరైనా ఉంటే సూదిపని ఎలా చేస్తారో అడగండి. బేరం తరవాత ఆడొచ్చు.

పుష్య బహుళ పంచమి త్యాగరాజ ఆరాధన. తిథి ఎక్కువగా జనవరిలోనే పడుతుంది. త్యాగరాజు 1847లో ఆ తిథినే సమాధి పొందారు. తమిళనాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది కలిసి పంచరత్నాలు, అంటే ఆయన రాసిన ఐదు పెద్ద కీర్తనలు, పాడతారు. అంత దూరం వెళ్ళలేకపోతే హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, ఇలా దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళో ఆ రోజుల్లో గోష్ఠి గానం ఉంటుంది. లోపలికి వెళ్ళడానికి ఎక్కువ చోట్ల టికెట్ కూడా ఉండదు. ఒక్క పని చేయండి. సాహిత్యం ప్రింటు తీసుకుని వెళ్ళండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, రాగాలు ఈ వరసలో వస్తాయి. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. కాగితం చేతిలో ఉంటే ఆరభి కీర్తనలో ఆయన కృష్ణుణ్ణి ఎంత ఎత్తిపొడిచాడో తెలుస్తుంది, నవ్వొస్తుంది కూడా. అది తెలుగువాడు తెలుగులో దేవుడితో పెట్టుకున్న తగువు. సంగీతం రాదు కదా అని మనం దూరంగా కూర్చుంటే ఎలా?

ఇంకో సంగతి. తిరువయ్యారులో ఆ సమాధి మందిరం కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ. అప్పట్లో ఆడవాళ్ళని అక్కడ పాడనిచ్చేవాళ్ళు కాదు. ఆమె తన ఆస్తి ఖర్చుపెట్టి గుడి కట్టించి, ఆడవాళ్ళతో పాడించింది. ఈసారి ఆ గోష్ఠి టీవీలో చూసినప్పుడు ఆడ గొంతులు వింటుంటే ఆమెను తలుచుకోండి. అమెరికాలో ఉన్న మన ప్రేక్షకులకి: ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ ఆరాధన జరుగుతోంది. అక్కడ సెలవుల్ని బట్టి ఈస్టర్ రోజుల్లో పెడతారు. అంటే వాళ్ళ పంచాంగం వేరు.

ఆ పంచమికి పది రోజుల తరవాత పుష్య అమావాస్య. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఆ రాత్రే మొదలవుతుంది. మెస్రం వంశం గోండులు గోదావరి జలం కోసం కాలినడకన వెళ్ళి, తెచ్చి, మహాపూజ చేస్తారు. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళని దేవుడికి పరిచయం చేసే తంతు ఉంటుంది. దీన్ని సలహా అనడానికి నాకు కొంచెం సంకోచం. అది వాళ్ళ పూజ, మన కోసం పెట్టిన ప్రదర్శన కాదు. వెళ్తే చలికి దుప్పటి పట్టుకెళ్ళండి, కెమెరా తీసేముందు అడగండి, వద్దంటే వెనక్కి పెట్టండి. మా టీమ్ వెళ్ళినా పూజ షూట్ చెయ్యదు, అది ముందే అనుకున్నాం.

ఇక నా మొదటి ఓటు దేనికంటే కొమురవెల్లికి. చేర్యాలకి దగ్గరే. మల్లన్న జాతర సంక్రాంతి తరవాత వచ్చే ఆదివారం మొదలై ఉగాది ముందు ఆదివారం దాకా, వారం వారం నడుస్తుంది. మొదటిది పట్నం వారం, ఇక్కడ పట్నం అంటే హైదరాబాద్, అది అక్కడి వాళ్ళది. కొమురవెల్లి గుడిలో మల్లన్న మూలవిరాట్టు పుట్టమన్నుతో చేసింది. ఒక పక్క గొల్ల కేతమ్మ, ఇంకో పక్క మేడలమ్మ, ఇద్దరూ ఆయన భార్యలు. మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారులు నేల మీద పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి లాంటి రంగులతో పట్నం వేస్తారు, ఈ పట్నం అంటే పెద్ద రంగుల ముగ్గు. దాని ముందు డోలు, తాళాలు, డమరుకం, మల్లన్న పెళ్ళి కథ. కథ చెప్పే ఆయన క్షణంలో మల్లన్న, మరుక్షణం కేతమ్మ, ఆ వెంటనే పక్కనున్న డోలు అతన్ని తిడుతూ మామూలు మనిషి. చివరికి అంత ఓపికగా వేసిన పట్నాన్ని తొక్కుతారు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు లాంటి వాళ్ళు ఒగ్గుకథని పెద్ద వేదికల మీదకి తెచ్చారు. అక్కడ కూడా బాగుంటుంది, కాదనను. కానీ స్టేజీ మీద ఇరవై నిమిషాల్లో ముగించాలి. ఇక్కడ తొందరేమీ లేదు.

అయితే పట్నం వారానికి వెళ్ళకండి. మరీ రద్దీ, కథ చెవిన పడదు. జనం కాస్త పలచబడే మామూలు ఆదివారం చూసుకోండి. పట్నం వేయించుకుంటున్న కుటుంబాన్ని అడిగి ఓ పక్కన కూర్చోండి. మేం చూసినంతలో కాదనేవాళ్ళు తక్కువ, భోజనం పెట్టేవాళ్ళే ఎక్కువ. కథ చెప్పినవాళ్ళ చేతిలో మాత్రం డబ్బులు పెట్టండి. లైక్ కొట్టామంటే వాళ్ళకి పూట గడవదు.

ఆంధ్ర వైపు వాళ్ళు "మాకేం లేదా" అని కామెంట్ పెట్టకముందే చెప్పేస్తాను: నిమ్మలకుంట. శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం మండలం. తోలుబొమ్మల ఊరు. మేకతోలుని శుభ్రం చేసి, పలచగా గీకి, గీసి, చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులేస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు ఎక్కువ అమ్ముడవుతాయి, ఆట తక్కువ. తోలుబొమ్మలాట అంటే శివరాత్రి జాగారమే. ఆ రోజు చుట్టుపక్కల ఎక్కడ ఆట కడుతున్నారో ముందే కనుక్కుని వెళ్ళండి. మోటు హాస్యం ఆడే కేతిగాడు, బంగారక్క బొమ్మలు వచ్చినప్పుడు పిల్లల చెవులు మూయాల్సి రావొచ్చు, అది మీ ఇష్టం. అదే జిల్లాలో లేపాక్షి గుడి ఉంది. అందరూ వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి ఫొటో దిగి వచ్చేస్తారు. మండపం పైకప్పు చూడండి బాబూ. విజయనగర కాలం వర్ణచిత్రాలు, ఇంట్లో బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళండి. అక్కడి మనుషుల పక్కచూపు ముఖాలు, పెద్ద కళ్ళు చూసి, ఆ తరవాత తోలుబొమ్మని చూడండి. రెండిటికీ ఉన్న పోలిక నేను చెప్పక్కర్లేదు.

ప్రయాణాలు కుదరనివాళ్ళకి సురభి, ఊరూరా నాటకాలు వేసే కుటుంబాల బృందం. వాళ్ళ పూర్వీకులూ తోలుబొమ్మలాడించినవాళ్ళే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మనుషులే వేషం కట్టడం మొదలుపెట్టారు, మగవాళ్ళే ఆడవేషాలు వేసే రోజుల్లో ఇంటి ఆడవాళ్ళని రంగం మీదకి తెచ్చారు. వాళ్ళ 'మాయాబజార్'లో లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడతాయి, బాణాలు గాల్లో ఢీకొంటాయి. గ్రాఫిక్స్ ఏమీ లేవు, అంతా దారాలు, తెరలు, చేతివాటం. ముందు వరస టికెట్ కొనకండి, దారం కనిపిస్తే సరదా పోతుంది. మధ్య వరస మంచిది. మీ ఊళ్ళో ఎప్పుడు పడుతుందో రోజూ పేపర్లో జిల్లా పేజీ చూడండి.

వచ్చే నెల వంతు నాది. కొమురవెల్లే, ఫిబ్రవరి దగ్గర్లో ఏదో ఒక ఆదివారం. మా ఎడిటర్ ఇప్పటికే అన్నది, కార్లో ముందు సీటు తనదేనని. మీ ఊళ్ళో ఈ మూడు నెలల్లో ఏ జాతర, ఏ కథ, ఏ ఆట ఉందో తిథితో సహా కింద రాయండి. అన్నీ కలిపి ఒక క్యాలెండర్ చేసి ఉగాది వీడియోలో పెడతాం. ఉంటాను.