మానేసినవాళ్లు మళ్లీ రావాలంటే

శ్రోతలకు నమస్కారం.

హెచ్‌ఐవీ ఉందని తేలినవారికి మందులు మొదలుపెట్టించడం గురించి తరచూ వింటూనే ఉంటాం. మొదలుపెట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఆ చికిత్సలో కొనసాగడం మాత్రం అంతగా చర్చకు రాదు. నా దృష్టిలో అసలు కష్టమంతా అక్కడే ఉంది.

1996 ప్రాంతంలో కొన్ని రకాల మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చినప్పుడు రోజుకు గుప్పెడు మాత్రలు మింగాల్సి వచ్చేది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. దాన్ని మానకుండా వేసుకుంటే, సాధారణంగా ఆరు నెలల్లోపే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితి నిలిచి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. 2016లో, 2019లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో వందలాది జంటలను గమనించారు. వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి రెండోవారికి సోకిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. ఈ సంగతి తెలియక ఎంతమంది లోలోపల కుమిలిపోతున్నారో!

అయితే వైరస్ పూర్తిగా పోదు. కొన్ని కణాల్లో దాక్కుని ఉంటుంది. మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే తిరిగి పెరుగుతుంది. మధ్యమధ్యలో మందులకు విరామం ఇవ్వొచ్చా అని స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో పరీక్షించారు. విరామం ఇచ్చినవారిలోనే జబ్బులు, మరణాలు ఎక్కువయ్యాయని 2006లో తేలింది.

మరి ఇంత మంచి మందును మనిషి ఎందుకు మానేస్తాడు? నిర్లక్ష్యం అనేయడం తేలిక. దగ్గరగా చూస్తే కథ వేరు. ఒకరు సీసా మీది లేబుల్ గీకేస్తారు, సంచిలో మాత్రలు గలగలమనకుండా సీసాలో దూది కుక్కుతారు. ఇంటికి చుట్టాలొస్తే నాలుగు రోజులు ఆ సీసా బయటికి రాదు. ఇంకొకరికి క్లినిక్‌కు వెళ్లిరావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. మరొకరు మనసు కుంగిపోయి మంచం దిగలేకపోతారు. ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకులే అనుకునేవాళ్లూ ఉన్నారు. బాగుండటానికి కారణం ఆ మాత్రేనని వాళ్లకు విడమరిచి చెప్పినవారు ఉండరు.

అందుకే చికిత్స మనిషి బతుకుకు తగ్గట్టు సర్దుకోవాలి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలలకో, ఆరు నెలలకో సరిపడా మందులు ఒకేసారి ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఉద్యోగాలు చేసుకునేవారికి సాయంత్రం వేళ క్లినిక్ తెరిచి ఉంచాలి. అదే వైరస్‌తో ఏళ్లుగా బతుకుతున్న మరో మనిషి పక్కన కూర్చుని మాట్లాడితే ఆ ధైర్యమే వేరు. ఫోన్‌లో గుర్తుచేసే మెసేజ్ కూడా పనికొస్తుంది, కాకపోతే అందులో జబ్బు పేరు ఉండకూడదు.

వీటన్నిటికన్నా ఖర్చు లేనిది పలకరింపు. ఆరు నెలలు కనబడని మనిషి భయపడుతూనే తలుపు తోసుకుని వస్తాడు. "ఇన్నాళ్లూ ఏమైపోయావ్? చదువుకున్నావు కదా, ఆ మాత్రం తెలీదా?" అని పదిమందిలో గద్దిస్తే మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. "వచ్చారు, మంచి పని చేశారు. కూర్చోండి" అంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. మాత్రల సంగతి అడిగే తీరు కూడా ముఖ్యమే. "రోజూ వేసుకుంటున్నారా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. "ఒక్కోసారి మర్చిపోవడం అందరికీ మామూలే. ఈ వారంలో మీకు ఎన్నిసార్లు అలా అయింది?" అని అడిగి చూడండి, నిజం బయటికొస్తుంది.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. "మందు వేసుకున్నావా?" అని రోజూ నిలదీసే బదులు, క్లినిక్‌కు తోడు వెళ్లండి. వాళ్లు చెప్పొద్దన్న విషయం ఎవరికీ చెప్పకండి.

మందులు ఆపేసినవారు ఎవరైనా ఇప్పుడు వింటుంటే, నెలలు గడిచాయని, ఏళ్లు గడిచాయని ఆగిపోకండి. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు సొంతంగా మొదలుపెట్టకుండా, వాటిని పట్టుకుని క్లినిక్‌కు వెళ్లండి. ఎప్పుడు ఆపారో దాచకుండా చెప్పండి. అవసరమైన రక్తపరీక్షలు చేసి, పాత మందే కొనసాగించాలా, మార్చాలా అన్నది డాక్టర్ చూసుకుంటారు. చాలామందికి ఆ మందులే మళ్లీ చక్కగా పనిచేస్తాయి.