జెట్ స్కీ రివ్యూ: హ్యాండిల్ తిప్పినా తిరగలేదు!

అందరికీ నమస్కారం. ఈరోజు టాప్ స్పీడ్ జోలికి పోవట్లేదు. నీళ్ల మీద బైక్‌లా నడిపే జెట్ స్కీలు రెండు నడిపి ఒక్కటే చూశాను: ఎదురుగా ఏదైనా అడ్డొస్తే బండి పక్కకి తప్పుకుంటుందా, లేదా? అసలు జెట్ స్కీ అన్నది కవాసాకి పెట్టుకున్న పేరు. మనకేమో ఏ కంపెనీదైనా జెట్ స్కీనే!

ముందు బ్రేక్ లేని పాత మోడల్. నీళ్ల మీద ఓ పెద్ద గాలి బంతి వదిలి, నేరుగా దాని మీదికి వెళ్లాను. దగ్గరికి రాగానే బైక్ మీద అలవాటు కదా, థ్రాటిల్ (అదే, యాక్సిలరేటర్) వదిలేసి హ్యాండిల్ కుడికి తిప్పాను. తిరగలేదండీ! నేరుగా వెళ్లి బంతిని గుద్దేసింది. బంతి కాబట్టి నవ్వుకున్నాను. అక్కడ ఈత కొట్టే మనిషి ఉంటే?

దీనికి చుక్కాని ఉండదు. లోపల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం నీటిని లాగి, వెనక నాజిల్‌లోంచి చిమ్ముతుంది. హ్యాండిల్ తిప్పితే ఆ నాజిల్ తిరుగుతుంది, అంతే. థ్రాటిల్ వదిలితే ధార తగ్గిపోతుంది, దాంతో హ్యాండిల్‌కి పనుండదు. భయమేస్తే చెయ్యి తనంతట తానే థ్రాటిల్ వదిలేస్తుంది, చిక్కంతా అక్కడే.

రెండోసారి థ్రాటిల్ కొంచెం పట్టే ఉంచి, హ్యాండిల్ బాగా తిప్పి, మలుపు వైపు ఒరిగాను. హాయిగా తప్పుకుంది. ఎవరూ లేని చోట చెయ్యికి అలవాటయ్యేదాకా ఇది చేయండి.

ఇక రెండోది, బ్రేక్ ఉన్న సీ-డూ కంపెనీ బండి. ఐబీఆర్ అనే ఈ బ్రేక్ 2009 మోడళ్లతో వచ్చింది, యమహా వాళ్ల 'రైడ్' అనే ఇలాంటి బ్రేక్ 2015 మోడళ్లతో. ఎడమ చేతి లీవర్ నొక్కితే నాజిల్ వెనక ఓ మూత దిగి ధారని ముందుకి మళ్లిస్తుంది. అదే బంతి, ఈసారి చాలా ముందే ఆగిపోయాను. బాగుంది! కానీ గట్టిగా నొక్కితే వెనక కూర్చున్నవాళ్లు మీ వీపు మీద పడతారు, వాళ్లకి ముందే చెప్పండి. మీ వెనక వచ్చే బండికి బ్రేక్ లేకపోవచ్చు కూడా. అందుకే నొక్కే ముందైనా, తిప్పే ముందైనా ఒకసారి వెనక్కి చూడండి.

ఊడితే ఇంజిన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడు రెండింట్లోనూ ఉంది. లైఫ్ జాకెట్‌కో, మణికట్టుకో తగిలించుకోకుండా స్టార్ట్ చేయకండి. పడిపోతే బండి మిమ్మల్ని వదిలేసి పోకుండా ఆపేది అదే. ఎదురెదురుగా వస్తుంటే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి.

కొనాలంటే నేను బ్రేక్ ఉన్నదే కొంటాను. కొత్తగా నేర్చుకునేవాళ్లని మాత్రం ముందు పాతదాని మీదే కూర్చోబెడతాను, ఆ గాలి బంతి ఎదురుగా పెట్టి.