వంచితే రీడింగ్ మారే కాగితం: పెన్సిల్ గీతతో సెన్సర్

నమస్తే అండీ, వైజాగ్ నుంచే మాట్లాడుతున్నా. పొద్దున బాల్కనీలో వదిలేసిన పేపర్ సాయంత్రానికి ఎలా మెత్తబడిపోతుందో బీచ్ వైపు ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. కాగితమంటే సెల్యులోజ్ పీచు, దానికి నీళ్లంటే ప్రాణం, గాలిలో తేమ పెరిగేకొద్దీ పీల్చుకుంటుంది, పీల్చుకునేకొద్దీ దాంట్లోంచి కరెంట్ పోవడం తేలికవుతుంది. ఈ గుణంతోనే 2016లో హార్వర్డ్ వాళ్లు మాస్క్ లోపల కాగితం ముక్క పెట్టి ఊపిరి కొలిచారు, వదిలితే తేమ పెరిగి కరెంట్ పెరుగుతుంది, పీలిస్తే తగ్గుతుంది. ఎంత సింపుల్ ఆలోచనో చూడండి!

(క్లోజప్: కాగితం పట్టీ, మల్టీమీటర్)

ఇప్పుడు ఇది చూడండి. మామూలు కాగితం పట్టీ మీద 6బి అనే మెత్తటి పెన్సిల్‌తో నల్లగా మెరిసేదాకా రుద్దాను, రెండు చివర్లా క్లిప్పులు పెట్టాను. గీత బయటివైపుకి వచ్చేలా వంచుతున్నా... ఓమ్స్, అంటే కరెంట్‌కి పడే అడ్డు లెక్క, పెరుగుతున్నాయి కదా? ఇప్పుడు గీత లోపలికి వచ్చేలా... తగ్గాయి. పెన్సిల్లో ఉండే, కరెంట్ పోనిచ్చే గ్రాఫైట్ రేకులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, సాగితే ఎడం అవుతాయి, నొక్కుకుంటే దగ్గరవుతాయి, అంతే.

ఇలాంటి వంగే సెన్సర్లు ఎక్కువగా పెట్ (నీళ్ల బాటిళ్లు చేసే ప్లాస్టిక్), పాలీఇమైడ్ లాంటి ప్లాస్టిక్ మీదే చేస్తారు. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్, అంటే పారేసిన ఎలక్ట్రానిక్ సామాన్ల చెత్త, పోగైతే, సరిగ్గా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కలో ఉన్నది 22.3 శాతమే. ఒక్కసారి వాడి పారేసే సెన్సర్లు ఆ కుప్పలో కలవకూడదనే నా తాపత్రయం అంతా. అలాగని కాగితం అనగానే పచ్చజెండా ఊపేయకండి, పైన వెండి ఇంకు కొట్టి, తడవకుండా ప్లాస్టిక్ పూత పూస్తే అది మట్టిలో కలిసేదెప్పుడు? కార్బన్ ఇంకు, మైనం పూత అయితే నాకు నమ్మకం.

ఇంకో చిక్కుంది, మన ఊళ్లో మరీ ఎక్కువ. ఏసీ గదిలోంచి ఈ పట్టీని డాబా మీదకి తీసుకెళ్తే వంచకుండానే రీడింగ్ మారిపోతుంది, తేమ వల్ల. అందుకే పక్కనే అలాంటిదే ఇంకో పట్టీ పెట్టి దాన్ని వంచకుండా వదిలేస్తాం, రెండింటికీ తగిలే తేమ ఒకటే కాబట్టి ఒకదాని మార్పులోంచి రెండోదాని మార్పు తీసేస్తే, మిగిలేది చాలావరకు వంపు వల్ల వచ్చిందే. రండి, ఆ రెండో పట్టీ గీద్దాం.