సెక్షన్ 13-ఏ: ఒక్క మనిషి కోసం రాసిన చట్టం

మిత్రులారా,

విశ్వవిద్యాలయ స్వేచ్ఛ అనగానే అందరం పెద్ద మాటల దగ్గరికే పోతాం. ఈ పూట ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టంలోని 12(2), 13-ఏ అనే రెండు సెక్షన్ల గురించి మాట్లాడుకుందాం. కొంచెం పొడిగా ఉంటుంది, ఓపిక పట్టండి.

1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా హనుమకొండ సుబేదారి కాలేజీ ఉస్మానియా కిందిదే. కాబట్టి అప్పటి ఉస్మానియా వైస్ ఛాన్సలర్ (వీసీ) డాక్టర్ డి.ఎస్. రెడ్డి గారు ఓరుగల్లుకూ వైస్ ఛాన్సలరే. 1957లో బాధ్యత తీసుకున్నారు. 1964 ఏప్రిల్‌లో మరో ఐదేళ్లకు నియమించారు. అంటే 1969 దాకా గడువుంది. ఈలోగా ప్రభుత్వం ఉస్మానియా చట్టాన్ని సవరించే పని పెట్టుకుంది. బోధనా భాష, పీజీ కేంద్రాలు వంటి విధాన విషయాల్లో విశ్వవిద్యాలయానికి సర్కారే ఆదేశాలివ్వొచ్చని 7-ఏ అనే సెక్షన్ తెచ్చింది. రెడ్డి గారు ఒప్పుకోలేదు.

చట్టంలో 12(2) ఆయనకు అండగా ఉంది. దుష్ప్రవర్తనో అసమర్థతో ఆరోపించాలి, హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నవారో, చేసినవారో విచారించాలి, ఆయన వాదన వినాలి. ఆ తర్వాతే ఛాన్సలర్ తొలగించాలి. ఆరోపణే లేనప్పుడు విచారణ ఎక్కడిది? అందుకే 1966లో రెండో సవరణతో 13-ఏ పుట్టింది: ఇప్పుడున్న వైస్ ఛాన్సలర్ కొత్తవారు వచ్చేదాకా మాత్రమే ఉంటారు, 90 రోజుల్లో కొత్తవారిని నియమించాలి. పేరు రాయలేదు గానీ ఆ కుర్చీలో ఉన్నది ఒక్కరే కదా!

రెడ్డి గారు దీన్ని సవాలు చేసి హైకోర్టులో ఓడిపోయారు. 1967లో సుప్రీంకోర్టు 13-ఏను కొట్టేసింది. కోర్టు చూసింది చిన్న లెక్క. రేపు వచ్చే వైస్ ఛాన్సలర్‌కు 12(2) రక్షణ ఉంది, ఇవాళ ఉన్నాయనకు లేదు. ఇద్దరిదీ ఒకే పదవి, ఒకే పని. ఈ తేడాకూ చట్టం ఉద్దేశానికీ సంబంధమే కనబడలేదు. కనుక చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధం. రెడ్డి గారు 1969 దాకా కొనసాగారు.

13-ఏ లాంటిది ఇప్పుడు ఎవరూ రాయరు. రాయాల్సిన పనీ లేదు, కుర్చీ ఖాళీగా వదిలేస్తే చాలు. వీసీ పదవీకాలం మూడేళ్లు. అది తీరే తేదీ మొదటిరోజే తెలుసు. కొత్త వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీలో ముగ్గురుండాలి: పాలకమండలి నామినీ, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నామినీ, ప్రభుత్వ నామినీ. పాలకమండలికే గడువు తీరితే ఒక పేరు పంపేవారే ఉండరు, బండి అక్కడే ఆగుతుంది. 2024 మే నుంచి అక్టోబరు దాకా మన కాకతీయ విశ్వవిద్యాలయం సహా రాష్ట్రంలో చాలాచోట్ల ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి వీసీలు. వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది నా ప్రశ్న కాదు. ఇన్‌ఛార్జికి పదవీకాలం ఉండదు. ఒక్క జీవోతో వచ్చినవారు ఇంకో జీవోతో పోతారు. అలాంటివారు పైనుంచి వచ్చిన ఫోనుకు కాదనగలరా? ఫైళ్ల మీద సంతకాలు పడుతూనే ఉంటాయి, నియామకాలూ పదోన్నతుల్లాంటి పెద్ద నిర్ణయాలే మూలన పడతాయి.

విద్యార్థుల సంగతికి వస్తే, 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా వెళ్లగొట్టినవారిలో హనుమకొండలో చదువుతున్న పి.వి. నరసింహారావు ఒకరు. వాళ్లను చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం, అక్కడి ఉపకులపతి టి.జె. కేదార్. కేదార్ గారిది పెద్ద మనసే. దానికి తోడు నాగపూర్ నిజాం చేతి కింద లేదు! ఉస్మానియాలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటెక్కడిది?

12(2)లో వీసీకి దొరికిన మర్యాదే సస్పెండయిన విద్యార్థికీ దక్కాలి. షోకాజ్ నోటీసులో ఏ రోజు, ఎక్కడ, ఏం చేశాడో రాయాలి. "క్రమశిక్షణ ఉల్లంఘన" అని ఊరికే రాస్తే దానికి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. జవాబుకు సరిపడా గడువివ్వాలి. ఫిర్యాదు చేసినాయన విచారణ కమిటీలో కూర్చోకూడదు. విచారణ తేలేలోపు హాల్‌టికెట్ ఆపకూడదు, ఎందుకంటే పోయిన పరీక్షను ఏ తీర్పూ వెనక్కి తేలేదు. ఉత్తర్వులో కారణాలు రాసి, అప్పీలు ఎవరికి చేసుకోవాలో కూడా చెప్పాలి. ఈ చివరి వాక్యం లేని సస్పెన్షన్ కాగితం మీ చేతికొస్తే ముందు రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా అడగండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.