కొత్త రాష్ట్రంలో మొదటి నర్సు ఉద్యోగం: ముందు లైసెన్సు లెక్క తేల్చుకోండి

(తెర మీద: ఒక రెజ్యూమె పైభాగం. లైసెన్సు అని ఉన్న వరుస చుట్టూ ఎర్ర గీత.)

నర్సింగ్ డిగ్రీ అమెరికాలో ఒక రాష్ట్రంలో పూర్తయింది, కాపురం ఇంకో రాష్ట్రానికి మారుతోంది. వరసపెట్టి ఆసుపత్రులకు అప్లై చేస్తున్నా ఒక్క ఫోనూ రావడం లేదు. అనుభవం లేదని పక్కన పెట్టారేమో అనుకుంటాం. చాలాసార్లు అప్లికేషన్ ఆగేది అక్కడ కాదు, ఈ ఎర్ర గీత దగ్గర. రిక్రూటర్ చూసేవి మూడు: ఈ రాష్ట్రంలో చెల్లే లైసెన్సు ఉందా, ఎప్పుడు దిగుతున్నారు, ఏ తేదీ నుంచి డ్యూటీ చేయగలరు. ఈ మూడూ రెజ్యూమెలో కనబడకపోతే మిగతాది చదవరు.

నర్సు లైసెన్సుకు రాయాల్సిన పరీక్ష, అంటే ఎన్‌క్లెక్స్, ఇంకా రాయనివాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పరీక్ష ఏ ఊరి పియర్సన్ వ్యూ సెంటర్‌లోనైనా రాయొచ్చు. లైసెన్సు మాత్రం మీరు అప్లై చేసిన రాష్ట్ర బోర్డే ఇస్తుంది. కాబట్టి చదివిన రాష్ట్రానికి కాకుండా, వెళ్లబోయే రాష్ట్ర బోర్డుకే అప్లై చేయండి. తర్వాత లైసెన్సు మార్పించుకునే ఖర్చు, నెలల నిరీక్షణ రెండూ తప్పుతాయి. పరీక్షకు 200 డాలర్లు, బోర్డు ఫీజు వేరే. పరీక్ష రాయడానికి వచ్చే అనుమతి, అంటే ఏటీటీ, మామూలుగా 90 రోజులే ఉంటుంది. ఇల్లు మారే వారం అందులో పడకుండా చూసుకోండి. పరీక్ష ఫెయిలైతే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి.

(తెర మీద: అమెరికా పటం. కాంపాక్ట్ రాష్ట్రాలు ఆకుపచ్చలో.)

లైసెన్సు ఇప్పటికే చేతిలో ఉంటే ఈ పటం చూడండి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా, న్యూజెర్సీ లాంటివి నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్‌లో ఉన్నాయి. అంటే ఒక రాష్ట్రం ఇచ్చిన మల్టీస్టేట్ లైసెన్సు మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ చెల్లేలా రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్, మిషిగన్ లేవు.

ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి మల్టీస్టేట్ లైసెన్సుతో వెళ్తే రేపే పనిలో చేరొచ్చు. అయితే నివాసం మారిన 60 రోజుల్లోపు కొత్త రాష్ట్రంలో అప్లై చేయాలి. 2024 జనవరి నుంచి ఇదీ నిబంధన. కొత్తది వచ్చేదాకా పాతది పనికొస్తుంది.

కాంపాక్ట్ నుంచి బయటి రాష్ట్రానికి వెళ్తే పాత లైసెన్సు అక్కడ చెల్లదు. ఎండార్స్‌మెంట్‌కు, అంటే ఉన్న లైసెన్సు ఆధారంగా కొత్త రాష్ట్రం ఇచ్చే లైసెన్సుకు, అప్లై చేసి, అదో తాత్కాలిక పర్మిటో వచ్చాకే డ్యూటీ. ఇల్లు ఖాళీ చేసే తేదీ తెలిసిన రోజే ఆ అప్లికేషన్ పెట్టేయండి, సామాన్లు సర్దాక కాదు.

బయటి రాష్ట్రం నుంచి కాంపాక్ట్‌లోకి వచ్చేవాళ్లు పొరపడేది ఒకచోట ఉంది. టెక్సస్‌కు అప్లై చేసినంత మాత్రాన మల్టీస్టేట్ రాదు. మీ ప్రధాన నివాసం టెక్సస్ అని చూపించాలి. దానికి డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, ఫెడరల్ టాక్స్ రిటర్న్ లాంటి రుజువులు అడుగుతారు. ఊళ్లో దిగిన వారంలోనే డ్రైవింగ్ లైసెన్సు మార్పించుకోండి. టెక్సస్‌లో నర్సింగ్ చట్టం మీద జూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష కూడా ఉంటుంది.

(తెర మీద: తిరిగొచ్చిన కవరు, మసకబారిన వేలిముద్ర, రెండు రకాలుగా రాసిన ఒకే పేరు.)

ఎండార్స్‌మెంట్ ఆలస్యాలకు కారణాలు ఎప్పుడూ ఇవే. ట్రాన్స్‌క్రిప్ట్ కాలేజీ నుంచి నేరుగా బోర్డుకు వెళ్లాలి, అందులో డిగ్రీ ప్రదానం చేసిన తేదీ ఉండాలి. ఆఖరి సెమిస్టర్ గ్రేడ్లు పడగానే ఆర్డర్ చేస్తే ఆ తేదీ లేకుండానే వెళ్లిపోతుంది, ఫైలు అక్కడే కూర్చుంటుంది. పాత లైసెన్సు వెరిఫికేషన్ సాధారణంగా నర్సిస్ అనే ఆన్‌లైన్ లైసెన్సు డేటాబేస్ ద్వారా వెళ్తుంది, ఒక్కో బోర్డుకు పంపడానికి 30 డాలర్లు. అదే సైట్‌లో ఉచితంగా వచ్చే క్విక్‌కన్‌ఫర్మ్ రిపోర్టును బోర్డుకు పంపితే లెక్కలోకి రాదు. వేలిముద్రల సంగతి ఇంకా విచిత్రం. రోజుకు ఎన్నోసార్లు శానిటైజర్ రాసుకునే చేతుల్లో గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడదు, తిప్పి పంపుతారు. ముందు రెండు మూడు రోజులు చేతులకు మాయిశ్చరైజర్ బాగా పట్టించండి. కాలిఫోర్నియా లైవ్ స్కాన్, అంటే యంత్రం మీద తీసే వేలిముద్రలు, కాలిఫోర్నియాలోనే చేస్తారు, బయట ఉన్నవాళ్లు సిరా ముద్రల కార్డు పంపాలి.

ఇక పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, డిగ్రీలో చివర, పెళ్లయ్యాక సోషల్ సెక్యూరిటీలో ఇంకోటి: మన పేర్లతో ఈ తంటా తరచూ ఉండేదే. ఏటీటీలో పేరు, పరీక్ష రోజు చూపించే ఐడీలో పేరు ఒక్కటే కాకపోతే లోపలికి రానివ్వరు. అన్నిటికన్నా ముందు ఈ పని చూడండి.

ఇంత తొందర ఎందుకంటే, కొత్త గ్రాడ్యుయేట్ అన్న హోదాకు గడువుంది. కొత్త నర్సులకు ఆసుపత్రులు జీతమిచ్చి శిక్షణ ఇచ్చే రెసిడెన్సీ ప్రోగ్రాములు చాలావరకు డిగ్రీ అయి ఏడాది దాటనివాళ్లను, రిజిస్టర్డ్ నర్సుగా (ఆర్ఎన్) 6 లేదా 12 నెలల లోపు చేసినవాళ్లనే తీసుకుంటాయి. బ్యాచ్‌లు ఏడాదికి కొన్నే. నోటిఫికేషన్ చేరే తేదీకి నెలల ముందే పడి, కొన్ని వారాల్లో మూసేస్తారు. బోర్డు దగ్గర నాలుగు నెలలు పోతే ఒక బ్యాచ్ పోయినట్టే. ఈలోపు వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్‌లోనో డయాలసిస్ సెంటర్‌లోనో చేరొచ్చా? చేరొచ్చు, చేయి ఖాళీగా ఉండదు. కాకపోతే ఆ నెలలను అనుభవంగా లెక్కిస్తారా, ఆసుపత్రి అనుభవాన్నే లెక్కిస్తారా అని మీరు కోరుకునే రెసిడెన్సీ వాళ్లను ముందే అడగండి. ట్రావెల్ నర్సింగ్ (ఊరూరా కొన్ని వారాల కాంట్రాక్టు పని) ప్రకటనల జోలికి ఇప్పుడే వెళ్లకండి, వాళ్లు సాధారణంగా ఏడాది రెండేళ్ల అనుభవం అడుగుతారు.

(తెర మీద: అదే రెజ్యూమె, ఈసారి పూరించినది.)

రెజ్యూమెలో పేరు కింద ఒకే వరుస: ఆర్ఎన్, ఏ రాష్ట్రం, మల్టీస్టేట్ అయితే ఆ మాట, కాకపోతే ఎండార్స్‌మెంట్ అప్లై చేసిన తేదీ, మకాం మార్చే తేదీ. కొత్త ఊరి చిరునామా ఉంటే అదే వేయండి. తర్వాత క్లినికల్స్, అంటే చదువులో భాగంగా ఆసుపత్రిలో చేసిన శిక్షణ. ‘మెడ్ సర్జ్ రొటేషన్’ (మెడికల్, సర్జికల్ వార్డు) అని మాత్రమే రాస్తే ఏమీ తెలియదు. ఎన్ని గంటలు, ఎన్ని పడకల యూనిట్, ప్రిసెప్టర్ (నేర్పించే సీనియర్ నర్సు) దగ్గర ఒకేసారి ఎంతమంది పేషెంట్లను చూశారు, ఏ చార్టింగ్ సిస్టమ్ అన్నవి రాయండి. బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కార్డు అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌ది అయ్యుంటే మేలు. పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇచ్చే కార్డులను ఆసుపత్రులు సాధారణంగా ఒప్పుకోవు, చేత్తో చేసి చూపించే భాగం ఉండాలి.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి మూడు చాలు: ఓరియంటేషన్ ఎన్ని వారాలు, రాత్రి షిఫ్టులో నర్సుకు ఎంతమంది పేషెంట్లు, వేరే యూనిట్‌కు ఫ్లోట్ చేయడం, అంటే అక్కడ మనుషులు తక్కువైతే ఆ షిఫ్టుకు పంపడం, ఎన్ని నెలల తర్వాత. రెండో దానికి జవాబు రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది. కాలిఫోర్నియాలో మెడ్ సర్జ్‌కు 1:5 అని చట్టమే ఉంది, చాలా రాష్ట్రాల్లో అలాంటి పరిమితి లేదు.

ఆఫర్ వచ్చాక ఆపేది ఎంప్లాయీ హెల్త్, అంటే సిబ్బంది టీకాలు, పరీక్షలు చూసే విభాగం. మీజిల్స్, మమ్స్, రుబెల్లా, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీ యాంటీబాడీల రక్తపరీక్షలు ఇప్పుడే చేయించి పెట్టుకోండి. హెపటైటిస్ బీ మామూలు కోర్సు మళ్లీ మొదలైతే 0, 1, 6 నెలల డోసులు. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు టీబీ లేకపోయినా టీబీ చర్మపరీక్ష చేసిన చోట ఉబ్బొచ్చు, ఆ పైన ఎక్స్‌రేలు, ఉత్తరాలు. క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష కావాలని అడగండి, బీసీజీ దాని ఫలితాన్ని మార్చదు.

(తెర మీద: ఆఫర్ లెటర్ రెండో పేజీ.)

చివరగా బోనస్. 10,000 డాలర్లకు రెండేళ్ల కట్టుబాటు అనుకోండి. బోనస్ మీద ఫెడరల్ పన్ను సాధారణంగా 22 శాతం ముందే పట్టుకుంటారు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా పోతే చేతికొచ్చేది 7,035 దరిదాపులు. రాష్ట్ర పన్ను ఉంటే ఇంకా తక్కువ. మధ్యలో మానేస్తే పూర్తి 10,000 మీద లెక్కగట్టి వెనక్కి అడిగే కాంట్రాక్టులున్నాయి. వీసా మీదో, ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం మీదో ఆధారపడి మళ్లీ ఊరు మారే అవకాశం ఉంటే, తిరిగి కట్టాల్సింది కోతలకు ముందు మొత్తమా, చేతికొచ్చిన మొత్తమా, నెలనెలా తగ్గుతుందా లేదా అని సంతకానికి ముందే హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పిన జవాబు కాంట్రాక్టులో ఉండదు.