స్క్రైబ్ కుర్చీలోంచి
(బి.ఎడ్. విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఇంకో ఏడాదిలో నాలాగే సుద్దముక్క పట్టుకోబోతున్న మీ అందరికీ నమస్కారం.

వెనక ఫ్లెక్సీ మీద ‘దివ్యాంగ విద్యార్థులు - విద్యావకాశాలు’ అని రాశారు. అంత పెద్ద మాట మీద మాట్లాడే అర్హత నాకు ఎక్కడుందా అని బస్సులో వస్తూ ఆలోచించాను. నాకు చూపుంది. స్పెషల్ బి.ఎడ్. చదవలేదు. హైస్కూల్లో తెలుగు చెబుతాను, అంతే. కాకపోతే తొమ్మిదో తరగతిలో ఉండగా, చూపులేని ఒక టెన్త్ అన్న జవాబులు చెబుతుంటే రాసిపెట్టే మనిషిగా, అంటే స్క్రైబ్‌గా కూర్చుని పరీక్షలు రాశాను. అప్పటికి టెన్త్‌కి పదకొండు పేపర్లు. పదకొండూ రాశాను. నాకు తెలిసినదంతా ఆ కుర్చీలో తెలిసిందే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇది బ్రెయిలీ పలక, ఇది స్టైలస్. ముందు బెంచీ వాళ్లకు ఇస్తున్నాను. చూసి వెనక్కి పంపుతూ ఉండండి. దీని గురించి తర్వాత చెబుతాను.

ఆ రోజుల్లో మా హెడ్మాస్టరు గారు క్లాసులోకి వచ్చి, “చేతిరాత బాగుండే పిల్ల కావాలి” అన్నారు. అందరూ నావైపు చూశారు. “పుణ్యం వస్తుందమ్మా” అన్నారాయన. ఇంట్లో మా అమ్మకు మాత్రం టెన్షన్, నా యాన్యువల్ పరీక్షలు ఏమైపోతాయోనని. నేను పుణ్యం వైపే మొగ్గాను. తీరా అక్కడికి వెళ్లాక, సాయం చేయడానికి వచ్చానన్న నా గొప్ప మొదటి గంటలోనే దిగిపోయింది.

తెలుగు మొదటి పేపరు. మిగతావాళ్లకు ఇబ్బందని మమ్మల్ని సైన్స్ ల్యాబ్‌లో, విరిగిన బల్లల మధ్య కూర్చోబెట్టారు. ఛందస్సు ప్రశ్న వచ్చింది. పద్యపాదం ఇచ్చి గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, ఏ పద్యమో రాయమన్నారు. నేను పాదం చదివాను. తొమ్మిదో తరగతి పిల్ల ఎలా చదువుతుంది? ఎక్కడ పడితే అక్కడ విరుస్తూ చదివాను. “విరవకు. ఊపిరి తీసుకుని ఒక్కసారిగా చదువు” అన్నాడు అన్న. చదివాను. అతను బల్ల మీద వేళ్లతో కొట్టుకుంటూ విన్నాడు. లఘువుకి వేలి కొన, గురువుకి కణుపు. పాదం అయిపోయేసరికి “భ ర న భ భ ర వ. ఉత్పలమాల. పదో అక్షరం యతి. రాసెయ్” అన్నాడు. నేనింకా మూడో అక్షరం మీదే ఉన్నాను. పైగా ఒక గురువును లఘువుగా పెట్టాను. “అక్కడ సంయుక్తాక్షరానికి ముందున్నది ఏమవుతుంది?” అని అడిగాడు. చెరిపి దిద్దాను.

ఇంతలో ఇన్విజిలేటరు గారు వచ్చారు. “ఏంటా దరువు? సైగలా?” అన్నారు. కాపీ కొడుతున్నామనుకున్నారు. అన్న చేతులు ఒళ్లో పెట్టేసుకున్నాడు. తర్వాత వచ్చిన అలంకారాల ప్రశ్నకు అతని గొంతు సగానికి తగ్గిపోయింది.

ఆయన చెడ్డవాడేమీ కాదు. మధ్యలో మాకు మంచినీళ్లు కూడా తెప్పించారు. చూపులేని పిల్లవాడు లెక్క ఎలా పెట్టుకుంటాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మనం కాగితం అంచున పెన్సిలుతో చేసుకునే చిత్తులెక్కే అది, అతనికి బల్ల మీద వినిపిస్తుంది.

అసలు సంగతి లెక్కల పేపరులో జరిగింది. ఐదు మార్కుల గ్రాఫ్ ప్రశ్న. వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ వచ్చింది. అన్నకు ఇది తెలుసు. వాళ్ల రిసోర్స్ టీచరు అట్ట మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ దారం కట్టి నేర్పించాడట. “మైనస్ రెండు దగ్గర నాలుగు, మైనస్ ఒకటి దగ్గర ఒకటి, సున్నా దగ్గర సున్నా, మళ్లీ ఒకటి, మళ్లీ నాలుగు. కలిపితే మూకుడు పెట్టినట్టు రావాలి” అని నాతో చెప్పాడు. నేను గ్రాఫ్ కాగితం అడిగాను. “వీళ్లకు బొమ్మలుండవమ్మా, వదిలెయ్. ఇరవై వస్తే పాసే కదా, ఎందుకంత తాపత్రయం?” అన్నారు ఇన్విజిలేటరు గారు.

ఇప్పుడు కూడా మన టెన్త్‌లో చూపులేని పిల్లలకు సబ్జెక్టు పాస్ మార్కు 35 కాదు, 20. ఆ రాయితీని నేను తప్పు పట్టను. దానివల్ల గట్టెక్కిన పిల్లలను చూశాను. కానీ ఆ రోజు అన్నకు కావలసింది పదిహేను మార్కుల రాయితీ కాదు, ఒక గ్రాఫ్ కాగితం. మనవాళ్లకు రాయితీ ఇవ్వడం తేలిక. సంతకం పెడితే అయిపోతుంది. ఏర్పాటు చేయాలంటే మాత్రం ఒక మనిషి లేచి వెళ్లి కాగితం తేవాలి. పదిహేనేళ్లు దాటాక కూడా ఎక్కడ ఈ విషయం ఎత్తినా నేను తిరిగి తిరిగి అక్కడికే వస్తాను. మీరూ మీ బడుల్లో గమనించండి, ‘వాడికి అక్కర్లేదులే’ అన్న మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో. డ్రిల్లు పీరియడ్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు, హిందీ అక్కర్లేదు. అన్నీ దయతోనే అంటారు.

శ్రీకాంత్ బొల్లా గారి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురం, రైతు కుటుంబం, పుట్టుకతో చూపు లేదు. టెన్త్‌లో తొంభై శాతం దాటి తెచ్చుకున్నా ఇంటర్‌లో సైన్స్ ఇచ్చేది లేదన్నారు. ఎందుకంటే మళ్లీ అదే మాట, బొమ్మలు, గ్రాఫులు ఎలా గీస్తావని. ఆయన కోర్టుకు వెళ్లి గెలిచి సైన్స్‌లో చేరారు. పాఠాలను ఆడియోగా మార్చుకుని విని, 98 శాతం తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోలేదు. అమెరికాలో ఎంఐటీ చేర్చుకుంది. 2012లో హైదరాబాద్ వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఈ కథను మనం ‘పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం’ అని చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇంటర్‌లో సీటు కోసం ఒక పదహారేళ్ల కుర్రాడు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిందన్న దగ్గరే కథ ఆగిపోతుంది. ఎక్కలేని వాళ్లంతా ఏమయ్యారు? ఆర్ట్స్‌లో చేరారు. ఆర్ట్స్ తక్కువని కాదు, నేనూ తెలుగు టీచర్నే. ఎంచుకుని చేరడం వేరు, తోస్తే వెళ్లి పడటం వేరు.

చట్టం సంగతి కొంచెం చెప్పుకుందాం, నిద్ర రాకుండా చూసుకుంటాను. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు. ఇవి పోటీ పరీక్షల్లో అడుగుతారు కాబట్టి మీకు ఎలాగూ వస్తాయి. మీరు చదివి వదిలేసే ముక్క ఒకటుంది. విద్యార్థికి కావలసిన సహేతుకమైన ఏర్పాటు నిరాకరించడం కూడా వివక్షే అని ఈ చట్టం నిర్వచనంలోనే రాశారు. అంటే గ్రాఫ్ కాగితం ఇవ్వకపోవడం ఇప్పుడు ‘పాపం తెలియక’ కిందికి రాదు.

దీన్ని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. ఆయనకు రైటర్స్ క్రాంప్, అంటే రాస్తుంటే చెయ్యి పట్టేస్తుంది. సివిల్స్ రాయడానికి స్క్రైబ్ కావాలని అడిగారు, కుదరదన్నారు. 40 శాతం లెక్క దానికి అడ్డం పెట్టకూడదు, రాయడం కష్టమైతే స్క్రైబ్ ఇవ్వాల్సిందే అని జస్టిస్ చంద్రచూడ్ గారి ధర్మాసనం తీర్పు చెప్పింది. అంతకుముందే 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంది. మూడు గంటల పరీక్షకు ఒక గంట. మీకు ఇన్విజిలేషన్ డ్యూటీ పడినప్పుడు ఇది గుర్తుంటే చాలు, చాలామందికి ఉండదు.

పలక మధ్య వరుస దాకా వచ్చినట్టుంది. చేతిలో ఉన్నవాళ్లు గడుల మీద వేలు పెట్టి చూడండి. గడికి ఆరు చుక్కలు, ఎడమ మూడు, కుడి మూడు. ఈ ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. కాగితం లోపల పెట్టి స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు గుచ్చుతూ వెళ్లాలి, ఎందుకంటే చుక్క అవతలి వైపు ఉబ్బుతుంది. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. అంటే ఆ పిల్లలు ప్రతి అక్షరాన్నీ అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి రాస్తారు. మనం చేతిరాత బాగాలేదని పిల్లల చెవులు మెలిపెడుతూ ఉంటాం!

తెలుగు బ్రెయిలీలో నాకు భలే నచ్చిన సంగతి గుణింతం. మన పిల్లలు గుడులు, కొమ్ములు, ఏత్వాలు అంటూ ఏడుస్తారు చూడండి, ఆ ఏడుపు వీళ్లకు లేదు. ‘కి’ రాయాలంటే ‘క’ గడి, పక్కన ‘ఇ’ గడి. అంతే. ఒత్తు కిందికి వేలాడదు, అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. ‘అమ్మ’ అని రాయాలంటే ముందు ‘అ’, అంటే ఒకే ఒక్క చుక్క, ఎడమ పైన. తర్వాత నాలుగో చుక్క ఒక్కటే. ‘జాగ్రత్త, ఒత్తు రాబోతోంది’ అని ముందే హెచ్చరిక అన్నమాట. ఆ తర్వాత మ, మళ్లీ మ. నాలుగు గడుల్లో అమ్మ. నాకు ఇది నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. కళ్లతో చదవడానికే సుమా, వేళ్లతో నాకు ఇప్పటికీ రాదు.

ఇప్పుడు బ్రెయిలీ ఎందుకండీ, ఫోన్ చదివిపెడుతుంది కదా అంటారు. నిజమే. ఎన్‌వీడీఏ అని కంప్యూటరుకు ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఉంది, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించేది, తెలుగు కూడా చదువుతుంది. కానీ మనం దానికి ఏం ఇస్తున్నాం? మా బడిలో ఒక క్వశ్చన్ బ్యాంక్ పీడీఎఫ్ వచ్చింది. శుభ్రమైన తెలుగు అక్షరాలు. స్క్రీన్ రీడర్‌కు పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు చదువుతోంది. మన డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా అను ఫాంట్లదే రాజ్యం. కంటికి ‘భారతదేశం’ కనిపిస్తుంది, లోపల కంప్యూటరుకు మాత్రం అది ఇంగ్లిష్ కోడే. అదే యూనికోడ్‌లో కొడితే హాయిగా చదువుతుంది. గైడు పేజీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడమూ ఇంతే, చూపులేని పిల్లకు అది ఖాళీ కాగితం. మీరంతా ఫోన్లో తెలుగు కొడుతున్నది యూనికోడ్‌లోనే. అంటే ఆ ఏర్పాటు ఇప్పటికే మీ జేబులో ఉంది. నోట్స్ ఫోటో పెట్టే బదులు టైపు చేసి పెట్టండి.

ర్యాంపుల గురించి ఎక్కువ చెప్పను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మన బడుల్లో కొన్ని ర్యాంపులు చూస్తే పిల్లలు జారుడుబండగా వాడుకుంటున్నారు, వాళ్ల తప్పేం లేదు. వినికిడి లేని పిల్లలున్న క్లాసులో బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, వాళ్లు మీ పెదవులు చూస్తుంటారు. మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లల గురించి తెలుసుకోవాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, ఒకసారి వెళ్లి రండి. మీ మండలంలో దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. ఫిజియోథెరపీ అక్కడే జరుగుతుంది, ఐఈఆర్‌పీలు అని పిలిచే రిసోర్స్ టీచర్లు ఉంటారు. కాంట్రాక్టు ఉద్యోగాలు వాళ్లవి, తిరగాల్సిన బడులు బోలెడు. దివ్యాంగ బాలికకు నెలకు 200 రూపాయల స్టైపెండు, ఏడాదికి పది నెలలు. ఆ డబ్బుతో ఏమవుతుందని నవ్వకండి. ఒక తల్లి ఆ డబ్బు ఆటోకు సరిపెట్టుకుంటూ పిల్లను బడికి తేవడం నేను చూశాను.

ఇంకో లెక్క. 2011 జనాభా లెక్కల్లో దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. అయిదు నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లలో అప్పుడు చదువుకుంటున్నవాళ్లు 61 శాతం. నాలుగో వంతుకు పైగా అసలు బడి మొహమే చూడలేదు. మీ క్లాసులో అలాంటి పిల్లలు కనిపించడం లేదంటే, ఊళ్లో లేరని అనుకోకండి. పోలియో చుక్కలు వేసే ఆశా వర్కరును అడగండి. ఏ ఇంట్లో ఉన్నారో చెబుతుంది.

అన్న ఏమయ్యాడని ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది. పాసయ్యాడు. మార్కులు బాగానే వచ్చాయి, లెక్కల్లో మాత్రం అనుకున్నన్ని రాలేదు. చివరి పరీక్ష రోజు “నీ రాత ఎలా ఉంటుందో నాకు తెలీదు, అందరూ బాగుందంటున్నారు” అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. నా పేరు ఎలా రాస్తారని అడిగితే, అట్ట మీద గుచ్చి ఇచ్చాడు. వేలితో తడిమితే ఇప్పుడు చుక్కలు కాస్త అణిగిపోయాయి కానీ, ఆ అట్ట ఇంకా నా దగ్గరే ఉంది.

పలక వెనక బెంచీలో ఆగిపోయినట్టుంది. చూడటం అయ్యాక ముందుకు పంపండి. స్టైలస్ కూడా, అది కింద పడితే దొరకదు. సోమవారం మా ఏడో తరగతి అమ్మాయికి డిక్టేషన్ ఉంది, దానికి ఉన్నది ఇదొక్కటే.